కాపడం ఇసక

నాకు బ్యాడ్జి ఇవ్వలేదు. ఈ మాట చెబితే విన్నవాళ్ళు ముందు జాలిగా చూసేవారు, రెండోసారి చెబితే విసుక్కునేవారు. బ్యాడ్జి అంటే వాళ్ళకి బస్సు కండక్టరు చొక్కాకి పెట్టుకునేదే గుర్తొచ్చేది. అది కాదు. అగ్గిపెట్టెలో సగం ఉండే ప్లాస్టిక్ డబ్బీ, అందులో చిన్న ఫిల్ము ముక్క. దాన్ని జేబుకి తగిలించుకుని పనిచేస్తే, కంటికి కనపడని కిరణాలు ఆ మనిషి మీద ఎంత పడ్డాయో ఫిల్ము నల్లబడటాన్నిబట్టి తెలుస్తుంది. నెలకోసారి బొంబాయికి పంపితే అక్కడ చూసి, ఒక్కొక్కరి పేరుకి ఎదురుగా అంకె వేసి తిప్పి పంపేవారు. మా ఆఫీసులో అలాంటివి నాలుగు ఉండేవి. పనిచేసేవాళ్ళం అయిదుగురం.

అయిదోవాణ్ణి నేను.

ఆ ఆఫీసులోకి నేను కోరి వెళ్ళలేదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా ఊరి భూములు తీసుకున్నప్పుడు ఇంటికో ఉద్యోగం అన్నారు. పునాదిరాయి అయితే వేశారు గానీ, దాని పక్కన గడ్డి మొలిచి, ఎండి, మళ్ళీ మొలిచింది. ఫ్యాక్టరీ మాత్రం మొలవలేదు. పొలం పోయినవాడు ఫ్యాక్టరీ వచ్చేదాకా గాలి తిని బతకలేడు. అమ్మనీ మా ఆవిడనీ తీసుకుని కంచరపాలెంలో రెండు గదుల పెంకుటింటికి వచ్చేశాను. మా ఆవిడ నాకు సొంత మేనమామ కూతురు. పెళ్ళయి ఏళ్ళు గడిచిన తర్వాత కూడా నన్ను బావా అనే పిలిచేది.

సముద్రపు ఒడ్డు ఇసకని పరీక్షించే సర్కారు ఆఫీసు ఒకటి అప్పట్లో పెదవాల్తేరులో అద్దె బంగళాలో ఉండేది. ఒక ఆఫీసరు, ఆయన కింద చదువుకున్న అసిస్టెంట్లు ముగ్గురు, నేను. ఎస్సెల్సీ ప్యాసయ్యాను కాబట్టి నన్ను కూలీ అనలేదు. దినసరి మీద తీసుకున్నారు కాబట్టి ఉద్యోగి అనీ అనలేదు. పొద్దున్నే బస్సులో తగరపువలస దాకా పోయి, అక్కణ్ణించి జీపులో ఒడ్డుకి వెళ్ళేవాళ్ళం. వాళ్ళు గొట్టం దింపి ఇసక పైకి తీస్తే నేను గుడ్డసంచుల్లో పోసి, నంబరు చీటీ వేసి, మూతి కుట్టేవాణ్ణి. బంగళా వెనక రేకుల షెడ్డులో ఆ ఇసకని కడిగి, ఆరబెట్టి, జల్లించి, అయస్కాంతంతో వేరుచేసేవారు. జల్లించేటప్పుడు లేచే దుమ్ము అందరికంటే ఎక్కువ తిన్నది నేనే. జల్లెడ పట్టింది నేనే కాబట్టి.

ఆ ఇసకలో ఏముందో నాకు అప్పుడు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నేను తెలుసుకున్నది చాలా ఆలస్యంగా. భీమిలి దగ్గర్నుంచి పైకి, అలలు తేలిక ఇసకని లోపలికి లాక్కుపోయి బరువైనదాన్ని ఒడ్డున వదిలేస్తాయి. తెల్ల ఇసక మీద నల్లటి చారలు అలా ఏర్పడతాయి. ఆ నలుపులో అయస్కాంతానికి అంటుకునే గింజలుంటాయి, ఎర్రటి గింజలుంటాయి. వాటితో పాటు కొద్దిగా తేనె రంగు గింజలు కూడా ఉంటాయి. ఆ పసుపు గింజల్లో థోరియం ఉంటుంది. అది మనుషులు తయారుచేసింది కాదు. భూమి పుట్టినప్పట్నుంచి కొండరాళ్ళలో ఉన్నదే, వానలకి కొట్టుకొచ్చి ఒడ్డుకి చేరింది. అది తనంతట తాను విరుగుతూ, కిరణాలు వదులుతూ, మరొకటిగా మారుతూ ఉంటుంది. ఆ మారడంలో ఒక చోట గాలి రూపం ఎత్తుతుంది. నాలుగైదు నిమిషాల్లో ఆ గాలి దాదాపు అంతా మళ్ళీ గట్టిపదార్థమై దుమ్ముకి అంటుకుంటుంది. దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది, పోయినది అక్కడే కూర్చుంటుంది. ఒడ్డున నడిచేవాడికి దానివల్ల పెద్దగా ఏమీ కాదు. మూసిన గదిలో ఆ దుమ్ము పీల్చేవాడి సంగతి వేరు. ఇదంతా ఇప్పుడు గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. ఆ రోజుల్లో ఆ ఇసక గురించి నాకు తెలిసింది ఒక్కటే, అది మామూలు ఇసక కంటే బాగా బరువు.

మా ఆఫీసరు కృష్ణా జిల్లా మనిషి. చెడ్డవాడని అనను. చేతికింది వాళ్ళకి పని ఎక్కువ చెప్పేవాడూ కాదు. కాని నేను నోరు విప్పితే చాలు, నా యాసని నాకే తిరిగి వినిపించేవాడు. 'నాను ఎల్తన్నాను' అని నేనంటే, అదే మాట సాగదీసి అసిస్టెంట్ల వైపు చూసి పలికేవాడు. వాళ్ళు నవ్వేవారు. ముగ్గురిలో ఒకడు శ్రీకాకుళం వైపు వాడే, వాడు అందరికంటే గట్టిగా నవ్వేవాడు. కొన్నాళ్ళకి నేను ఆఫీసులో పుస్తకాల్లో భాష మాట్లాడటం నేర్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు ఆ నవ్వులు నేర్పినదే. అందుకు నేను ఆయనకి కృతజ్ఞుణ్ణి కాదు.

ఇంట్లో అమ్మకి మోకాళ్ళ నొప్పి. మా ఆవిడకి కాన్పు నిలవలేదు, ఆ తర్వాత నడుం పట్టేసింది. మా వైపు ఇలాంటి నొప్పులకి డాక్టరు దగ్గరికి పోరు, కాపడం పెడతారు. ఉప్పు మూటో, తవుడు మూటో, ఇసక మూటో మూకుట్లో వేడిచేసి, పాతచీర గుడ్డలో కట్టి, నొప్పి ఉన్నచోట అద్దుతారు. బాలింత నడుముకి నలభై రోజులూ అదే వైద్యం. చిక్కల్లా మూట తొందరగా చల్లారిపోవడం. అయిదు నిమిషాలకోసారి పొయ్యి దగ్గరికి పరిగెత్తాలి.

షెడ్డులో పనయ్యాక పారబొయ్యాల్సిన మిగులు ఇసక కుప్పగా ఉండేది. ఒకరోజు నేను దాంట్లోంచి టిఫిను డబ్బా నిండా ఇంటికి తెచ్చాను. దొంగతనం అనుకోలేదు. చెత్తకుప్పలోది తెస్తే దొంగతనం ఏమిటి? అమ్మ దాన్ని మూకుట్లో వేయించి మూట కట్టి మోకాలి మీద పెట్టుకుంది. చుట్ట ఒకటి పూర్తయ్యేదాకా తియ్యలేదు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఆవిడది. చుట్ట తీసి ఉమ్మేసి, "ఇదేటిరా ఇది, నిప్పు మింగిన ఇసక నాగున్నాది. ఎంతకీ సల్లారదు," అంది.

బరువైన ఇసక వేడిని తొందరగా వదలదు. ఇందులో మాయ ఏమీ లేదు. కాని మా వీధిలో అది మాయగానే పేరుపడింది. మా ఎదురింట్లో పరుపులు కుట్టే సాయిబుగారు ఉండేవారు. పూర్ణా మార్కెట్లో ఆయనకి చిన్న కొట్టు ఉండేది. ఆయన భార్యకీ మోకాళ్ళే. చీరగుడ్డలోంచి సన్నటి ఇసక రాలిపోతోందని ఆయన మందపాటి పరుపుగుడ్డ తెచ్చి, రెండు వరసలు కుట్టి, అరచెయ్యంత సంచులు తయారుచేశారు. అవి రాలవు. ఒకటి ఆయన ఇంటికి, రెండు మా ఇంటికి అయ్యాయి. తర్వాత ఒకరిని చూసి ఒకరు అడిగారు, అడిగినవాళ్ళకల్లా మిగులు ఇసక తెచ్చిచ్చాను. నలుగురు నాతో పనిపడి వచ్చి నా గుమ్మంలో నిలబడటం, అమ్మ వాళ్ళకి మజ్జిగ ఇచ్చి కూర్చోమనటం భూమి పోయిన తర్వాత అదే మొదలు. ఆ గౌరవం నాకు ఇష్టమైంది. దాచుకోవడం ఎందుకు.

ఒకసారి ఢిల్లీ నుంచి పెద్ద ఆఫీసర్లు వచ్చారు. మా ఆఫీసరు వాళ్ళకి యంత్రం చూపించాడు. ట్రాన్సిస్టరంత పెట్టె, మీద ముల్లు, పక్కన తీగకి వేలాడే గొట్టం. ఆ గొట్టాన్ని పసుపు ఇసక దగ్గర పెడితే పెట్టె టకటకమంటుంది, ముల్లు లేస్తుంది. పసుపు ఇసక అంటే మిగులు కాదు. మొత్తం వేరుచేశాక చివరికి తేలే అసలు సరుకు. దాన్ని మూతలున్న డబ్బాల్లో పోసి షెడ్డు మూల విడిగా పెట్టేవారు. ఆ రోజు పళ్ళెంలో ఆ ఇసక పోసి నా చేతికిచ్చి పట్టుకోమన్నారు. ఆఫీసరు చెయ్యి బారచాపి దూరంనుంచి గొట్టం పెట్టాడు. పెట్టె గోల చేసింది. వచ్చినవాళ్ళు ఆహా అన్నారు. నేను పళ్ళాన్ని పొట్టకి ఆనించుకుని నిలబడి ఉన్నాను. అప్పుడు చూశాను. వాళ్ళందరి జేబులకీ బ్యాడ్జీలు ఉన్నాయి. పూటకోసం వచ్చిన ఢిల్లీవాళ్ళు కూడా తమవి తెచ్చుకుని తగిలించుకున్నారు.

మర్నాడు ఆయన గదిలోకి వెళ్ళి నాకూ ఒకటి కావాలన్నాను. ఆయన తలెత్తలేదు.

"నీకెందుకయ్యా? నువ్వు సంచులు కుట్టేవాడివి. సూది గుచ్చుకోకుండా చూసుకో, చాలు."

జల్లెడ కూడా పడుతున్నానని చెప్పాను. అప్పుడు తలెత్తాడు. బ్యాడ్జీలు పర్మనెంటు వాళ్ళకే వస్తాయన్నాడు. అయినా అది ఉత్త ఇసక, ఆ ఒడ్డున జాలర్లు తరతరాలుగా పుట్టి, దానిమీదే పడుకుంటున్నారు, వాళ్ళకేమైంది అన్నాడు. చివర్లో నా యాసలో, "నీకేటవుద్ది?" అన్నాడు. పక్కగదిలోంచి నవ్వు వినిపించింది.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక, మూలనున్న డబ్బాల్లోంచి రెండు దోసిళ్ళ పసుపు ఇసక నా టిఫిను డబ్బాలో పోసుకున్నాను. నాకు ఇవ్వనిదానికి బదులు నేను తీసుకున్నది అది. మిగులు నాకిష్టం లేకపోయింది. వాళ్ళు అంత అపురూపంగా చూపించుకున్న సరుకే మా ఇంట్లో కాపడానికి ఉండాలనిపించింది. సాయిబుగారు కుట్టిన వాటిలో మా ఆవిడ సంచి విప్పి, పాతదాన్ని పారబోసి, ఇది నింపించాను. మా ఆవిడ చేత్తో తూచి చూసింది.

"ఏటి బావా, ఇది ఇంకా బరువుగా ఉన్నాది," అంది.

మంచి రకం అన్నాను.

ఆ తర్వాత అయిదారేళ్ళు ఆ సంచి ఆవిడ నడుం కిందే ఉంది. వేసంగిలో వాడేది కాదు. వానలు మొదలైతే రోజూ కావాలి. మొదట్లో సంచిని అలాగే పెనం మీద పెట్టేది. గుడ్డ మాడిపోతోందని తర్వాత తర్వాత ఇసకని మూకుట్లో ఒంపి, గరిటెతో తిప్పి వేయించి, మళ్ళీ సంచిలో పోసి నోరు కట్టేది. జల్లు లోపలికి కొడుతుందని తలుపు మూసుకునేది. దగ్గేది. పొగకి అనుకునేవాళ్ళం.

ఈ లోపల నేను బ్యాడ్జి కోసం రాస్తూనే ఉన్నాను. ముందు ఆఫీసరుకి, తర్వాత ఆయన పైవాళ్ళకి. ప్రతి ఉత్తరానికీ నకలు పెట్టుకున్నాను. ఒకదానికి 'మీ ఉత్తరం పరిశీలనలో ఉంది' అని వచ్చింది. ఇంకోసారి నేను పైకి రాసిన ఉత్తరమే తిరిగి మా ఆఫీసరుకి చేరింది, ఆయన దాన్ని అందరిముందూ చదివాడు. నన్ను పర్మనెంటు చేసిన ఏడాది, ఇప్పుడైనా ఇవ్వండి అని రాశాను. షెడ్డు పని తగ్గించారు కాబట్టి అవసరం లేదన్నారు. పని తగ్గించింది నిజమే. ముందు ఏళ్ళ సంగతేమిటని అడిగాను. నాకు కోపం ఉండేదే తప్ప భయం ఉండేది కాదు. నిజంగా ప్రమాదమైతే నాకూ ఇచ్చి ఉండేవారు, ఇవ్వలేదంటే ప్రమాదం లేదు. పైకి పోట్లాడుతూ, లోపల వాళ్ళ మాటే నమ్మాను. ఇంట్లో సంచి అందుకే అలాగే ఉండిపోయింది.

ఉక్కు ఫ్యాక్టరీ పనులు చివరికి మొదలై, మా ఊరి కుర్రాళ్ళు ఉద్యోగాలకి పిలుపు కోసం చూస్తున్న రోజుల్లో మా ఆవిడ చిక్కిపోవడం మొదలైంది. దగ్గు వానలు పోయినా పోలేదు. మొదట టీబీ అనుకుని నెలల తరబడి మందులు వాడించారు. తగ్గలేదు. తర్వాత పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసి, ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నాడు. చుట్ట అలవాటుందా, అడ్డపొగ తాగుతుందా అని అడిగాడు. మా జిల్లాల ఆడవాళ్ళని ముందు అడిగే ప్రశ్న అదే. లేదన్నాను. మా అమ్మ తాగుతుందన్నాను. ఆవిడ బాగానే ఉందా అన్నాడు. నిక్షేపంలా ఉందన్నాను.

మీరేం పని చేస్తారని అడిగాడు. చెప్పాను. ఇసక గురించి, పెట్టె గురించి చెప్పాను. ఇంట్లో సంచి గురించి చెబుతుంటే రాస్తున్న పెన్ను ఆపాడు. ఆ ఇసకలో ఏముందో, ఎంత ఉందో మీ ఆఫీసు నుంచి కాగితం తెండి, దానివల్ల వైద్యం మారకపోవచ్చు గానీ నాకు తెలియాలి అన్నాడు.

నాకు అంతకంటే ఎక్కువగా తెలియాలి. ఆవిడకి ఆ జబ్బు తెచ్చిపెట్టింది నేనా, కాదా? నాకు కావలసింది అదొక్కటే. ఆ రోజునుంచి నా తిండీ నిద్రా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

ఆఫీసులో అప్పటికి పాత ఆఫీసరు బదిలీ అయి కొత్తాయన వచ్చాడు. నాకంటే చిన్నవాడు, నన్ను గారూ అని పిలిచేవాడు. నా దరఖాస్తు చదివి తలుపు వేశాడు. ఆ ఇసక వివరాలు బయటికి ఇవ్వడానికి వీల్లేదని, అది దేశరక్షణకి సంబంధించిన సరుకని, ఇంటికి తీసుకెళ్ళడం నేరమని మెల్లగా చెప్పాడు. మీరు తీసుకెళ్ళినట్టు రాసిస్తే గాని నేను దేన్నీ కొలవలేను, రాసిస్తే మీ ఉద్యోగానికి ముప్పు. ఆలోచించుకోండి అన్నాడు.

ఇంటికొచ్చి ఒప్పుకోలు రాయడానికి కూర్చున్నాను. మా ఆవిడ గోడకి ఆనుకుని చూస్తోంది. ఏటి రాస్తన్నావని అడిగితే చెప్పాను. కాసేపు దగ్గి, తర్వాత అంది.

"నువ్వు తెచ్చినావు, నాను కాసినాను. ఇద్దరం కలిసి సేసిందే గదా. మద్దిన వాళ్ళకి కాయితం దేనికి? ఒగ్గీ బావా."

ఒగ్గెయ్యలేదు, వదలడం నా వల్ల కాలేదు. పారబోసే మిగులు ఇసకని కాపడం కోసం ఇంటికి తెచ్చుకున్నట్టూ, ఇరుగుపొరుగుకి ఇచ్చినట్టూ రాశాను. మిగులు అనే రాశాను.

వారానికి మెమో వచ్చింది. నా దగ్గరా, నేను ఇచ్చినవాళ్ళ దగ్గరా ఉన్న ఇసకంతా తిరిగి అప్పజెప్పమని. గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఇచ్చేటప్పుడు దీవించినవాళ్ళు తిరిగి అడిగితే తిట్టారు. ఒకావిడ, కొత్తగా ఎవరికో మాటిచ్చి ఇది లాక్కుపోతున్నానని అనుకుంది. ఇది మంచిది కాదు, ఒంటికి చేటు అంటే ఎవరూ నమ్మలేదు. నడుం నొప్పి పోగొట్టింది చేటు ఎలా అవుతుందని నన్నే అడిగారు. సాయిబుగారు మాత్రం పేచీ పెట్టలేదు. సంచి తెచ్చి చేతిలో పెట్టి, "తీసుకో బాబూ. మా బీబీ మోకాళ్ళు కూడా పట్టుకుపో, నీ ఇసక లేకపోతే అవి నాకెందుకు," అన్నారు. లోపల్నుంచి ఆవిడ ఏదో ఉర్దూలో కేకలేసింది. ఆయన నవ్వారు. నా ముఖం చూసి ఆపేశారు.

కొత్త ఆఫీసరు షెడ్డు ముందు బల్ల వేయించి సంచుల్ని ఒక్కొక్కటే పెట్టమన్నాడు. యంత్రం గొట్టం పెడితే ముల్లు కొద్దిగా కదిలింది. అన్నింటికీ అంతే. ఆయన ముఖం తేలికపడింది. ఇది ఒడ్డున ఉండేదానికంటే కొంచెం ఎక్కువ, అంతే అన్నాడు. ప్రపంచంలో అన్ని మట్టుల్లోనూ, అన్ని రాళ్ళలోనూ ఇది ఎంతో కొంత ఉంటుందట. కొండరాయితో కట్టిన ఇంట్లో ఉంటుంది, మండించిన బొగ్గు బూడిదలో ఉంటుంది, పొగాకు ఆకులో కూడా ఉంటుంది, మీ అమ్మగారి చుట్టలోనూ ఉంటుంది అన్నాడు. ఆయన నాకు ధైర్యం చెబుతున్నాడు. నాకు అర్థమైంది. నేను గోనెసంచి అడుగునుంచి చివరిది తీసి బల్లమీద పెట్టాను.

పెట్టె టకటకలాడింది. ముల్లు లేచి నిలబడింది. ఆయన గొట్టాన్ని వెనక్కి తీసి, మళ్ళీ పెట్టి, సంచి మూతి విప్పి చూశాడు.

"ఇది మిగులు కాదే," అన్నాడు.

కాదన్నాను.

"ఎవరు వాడారు?"

మా ఆవిడ అని చెప్పాను.

మూసిన గదిలో వేయించేవారా, దుమ్ము లేచేదా, ఎన్నేళ్ళు అని అడిగాడు. చెప్పాను. సంచి బయట ఉన్నంతవరకూ ఒంటికి తగిలేది తక్కువేనని, వేయించినప్పుడు లేచిన దుమ్మూ గాలీ లోపలికి వెళ్ళడమే మంచిది కాదని అన్నాడు. అయితే జబ్బు దానివల్లే వచ్చిందా అని అడిగాను. అలా ఎవరూ చెప్పలేరన్నాడు. ఇలాంటి దుమ్ము పీల్చినవాళ్ళలో ఎక్కువమందికి ఏమీ కాదు, పీల్చనివాళ్ళలో కొందరికి ఇదే జబ్బు వస్తుంది. అవకాశం పెరుగుతుందని మాత్రం చెప్పగలం. ఒక మనిషిని చూపించి ఈమెకి దీనివల్లే అని ఏ డాక్టరూ చెప్పలేడు, ఏ యంత్రమూ చెప్పలేదు.

అవుననో కాదనో చెబితే నేను దేన్నైనా మొయ్యగలిగేవాణ్ణి.

ముల్లు చూపించిన అంకె కాగితం మీద రాసివ్వమన్నాను. ఆయన రాయనన్నాడు. రాస్తే ఆ సంచి ఎక్కడిదో కూడా రాయాలి, రాస్తే పోలీసులకి చెప్పాలి. మీకు ఇంట్లో ఉన్న కష్టం చాలదా అన్నాడు. ఆ పసుపు ఇసకని తనే డబ్బాలో పోసి మూత పెట్టాడు. ఖాళీ సంచి కూడా నాకివ్వలేదు. నా మెమో మీద 'మిగులు ఇసక అందింది' అని రాసి సంతకం పెట్టాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ఆఫీసు నాకు చేసిన ఒకే ఒక్క మేలు అది. దానిమీద నేను ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేను కూడా.

ముల్లు ఆగిన చోటు నాకు గుర్తుంది. ఇంటికొచ్చి తెల్లకాగితం మీద ఆ అంకె రాసి, కింద థోరియం పేరు, ఎన్నేళ్ళు, ఎలా వాడిందీ రాసి, నా సంతకం పెట్టాను. మర్నాడు మా ఆవిణ్ణి తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఆవిణ్ణి బయట బల్లమీద కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళాను. డాక్టరు కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఎవరు కొలిచారు?"

ఆఫీసు కొలిచిందన్నాను.

"ఆఫీసు సంతకం లేదే."

పెట్టరన్నాను. ఆయన మా ఆవిడ కేసు షీటు తీసి ఇంగ్లీషులో రెండు వరసలు రాశాడు. ఇంగ్లీషు చదవగలను. భర్త పనిచేసే చోటునుంచి ఇంటికి తెచ్చిన రేడియోధార్మిక ఇసకతో ఏళ్ళ తరబడి కాపడం, వేయించిన దుమ్ము పీల్చడం. అంతే. ఒక్క సర్కారు కాగితం మీద ఈ సంగతి ఎక్కాలని ఎన్నేళ్ళు పోరాడాను. ఎక్కింది. అందులో ఆఫీసు లేదు, ఆఫీసరు లేడు, జల్లెడ లేదు. భర్త ఉన్నాడు.

తెలియక తెచ్చిన అని రాయండి, అన్నాను.

డాక్టరు తలెత్తాడు. నేను మళ్ళీ అన్నాను. నాకెవరూ చెప్పలేదని, అడిగితే ఉత్త ఇసక అన్నారని, ఆ మాట కూడా అందులో ఉండాలని అన్నాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు. "బేగి కానియ్ నాయనా," అని ఎవరో ముసలావిడ అంది. డాక్టరు కోప్పడలేదు.

"తెలిసి తెచ్చినా, తెలియక తెచ్చినా మందు ఒకటేనండి," అన్నాడు.

మూడోసారి అనబోయాను. అన్నేళ్ళలో ఏ బల్ల ముందైనా నేను మూడోసారి అడగకుండా వెనక్కి రాలేదు. కాని ఆ మధ్యాహ్నం షెడ్డులో నేను దోసిలి ముంచేముందు ఒకసారి ఆగి, గుమ్మం వైపు చూశాను. ఎవరైనా వస్తున్నారేమోనని. ఏమీ తెలియనివాడు గుమ్మం వైపు చూడడు. ఎంత తెలుసు అంటే చెప్పలేను. చూడాల్సినంత తెలుసు.

కాగితం అలాగే ఉండనిచ్చి బయటికి వచ్చాను.

"ఏటన్నాడు బావా?" అంది.

మందు రాశాడన్నాను. నా భుజం పట్టుకుని లేచింది. బస్సు స్టాండు దాకా నడుద్దాం, గాలికి బాగుంది అంది. నడిచాం.

ఆవిడ ఆ తర్వాత వచ్చిన వానలు చూసింది, మరుసటివి చూడలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నేను ఏ ఆఫీసుకీ ఉత్తరం రాయలేదు. పోయాక మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు నాకోసం ఏమీ అడగటం లేదు. నా తర్వాత ఆ షెడ్డులో జల్లెడ పట్టడానికి పెట్టుకున్నవాడికి ఆ ఇసకలో ఏముందో చెప్పారా లేదా అని అడుగుతున్నాను. ఆ సంగతి మాత్రం నాకు చెప్పితీరాలి. ఇంతవరకూ చెప్పలేదు.